ఒక్క రోజు తేడా

కొండల్ రావుగారికి ప్లానింగ్ అంటే పిచ్చి. నేపర్‌విల్‌లో ఏ తెలుగువాళ్ళింట్లో పెళ్ళయినా సరే, పార్కింగ్ దగ్గర్నుంచి పప్పు దాకా ఆయనే ఎక్సెల్ షీట్ వేసిపెడతారు. అలాంటి మనిషి ఆ అక్టోబరులో ఈజిప్టు ట్రిప్పు దగ్గర చతికిలపడ్డారు. చూసేవాళ్ళకి వింతే మరి!

ట్రిప్పు ఆలోచన దక్షిణామూర్తిగారిది. ఆయన రిటైరైన గుండె డాక్టరు, పక్క వీధిలోనే ఉంటారు. "పిరమిడ్లు అందరూ చూస్తారు కొండల్, మనం పండగని బట్టి పోదాం," అన్నారు. "ఫిబ్రవరి ఇరవై రెండున అబూ సింబెల్‌లో సూర్యుడి పండగ. ఆ పొద్దున ఎండ తిన్నగా గర్భగుడిలోకి వెళ్ళి విగ్రహాల మొహాన పడుతుందట. బయట డప్పులూ డాన్సులూ. నువ్వు డేట్స్ చూసి బుక్ చేయి, మేం పెట్టెలు సర్దుకుంటాం."

సరేనని కొండల్ రావుగారు బేస్‌మెంట్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. కైరోలో మూడు రోజులు, అస్వాన్‌లో రెండు, అంతా చకచకా సాగిపోయింది. ఇరవై రెండో తారీఖు గడి దగ్గరికొచ్చి ఆ గుడి గురించి చదివారు. చదవకపోయుంటే బాగుండేది.

అస్వాన్‌లో పెద్ద ఆనకట్ట కడితే గుడి మునిగిపోతుందని, దాన్ని ముక్కలుగా కోసి, పైకెత్తి, మళ్ళీ అతికించారట. అంత చేసినా ఎండ పడే తారీఖు ఒక్కటంటే ఒక్క రోజే పక్కకి జరిగిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారట. ఇరవై ఒకటి కాస్తా ఇరవై రెండయింది, అంతే!

ఒక్క రోజు తేడా. కొండల్ రావుగారు ఒకప్పుడు చేసిన తేడా ఆరడుగులు.

వెనకాల సంప్ పంపు గర్రుమంది. బేస్‌మెంట్‌లో ఊరే నీళ్ళని బయటికి తోడిపోసే పంపు అది. బయట చుక్క వాన లేదు. లేచి మూత తీసి చూస్తే గుంట పొడిగా ఉంది, పంపు మాత్రం తిరుగుతూనే ఉంది. ఎక్కణ్ణుంచో తడి ఒండ్రుమట్టి వాసన కొట్టింది. "నీళ్ళు ఈడదాకా వత్తాయా అయ్యా?" అని మెట్ల దగ్గర ఎవరో అడిగారు.

ఎవరో ఏమిటి, కోటయ్యే!

పంతొమ్మిది వందల అరవై ఆరులో, మన దేశంలో ఉండగా, కొండల్ రావుగారు ఇరవయ్యారేళ్ళ జూనియర్ ఇంజనీరు. అక్కడ కొత్తగా కడుతున్న ఆనకట్ట వెనక నీళ్ళు ఎంతవరకు వస్తాయో లెవల్ చూసి గుర్తులు పెట్టడం పని. ఊరు ఖాళీ అవుతోంది. ఊరి చివర మిట్ట మీద ఒక్కడే ఉండే ముసలి కోటయ్య చల్ల ఇచ్చి ఆ మాట అడిగాడు. "నీ గడప దాకా రావు, నిశ్చింతగా ఉండు," అన్నారీయన. సాయంత్రం క్యాంపులో లెక్క చూసుకుంటే ఒక రీడింగ్ తప్పు! గడప మీద ఆరడుగుల నీళ్ళు నిలుస్తాయి. పై ఇంజనీరు పరమ కోపిష్టి. తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని భయపడి, గుట్టుగా పుస్తకంలో దిద్దేశారు. రేపెళ్ళి కోటయ్యకి చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూండగానే బదిలీ అయింది. శ్రావణంలో వరదొచ్చింది. సారు చెప్పాడు కదా అని ముసలాడు కదల్లేదు. శవం తేలిందని ఎవరో చెబితే, ఈయన విని, అన్నం తిని పడుకున్నారు.

ఇప్పుడు ఇరవై రెండు అని టైప్ చేసినప్పుడల్లా పంపు గర్రుమంటోంది. ప్లంబరొచ్చి చూసి, పంపు శుభ్రంగా ఉందనేసి వెళ్ళాడు. చివరికి ఆ తారీఖే తీసిపారేశారు. పంపు ఆగింది. హమ్మయ్య అనుకున్నారు పిచ్చి మారాజు.

శనివారం మధ్యాహ్నం దక్షిణామూర్తిగారూ, ఆయన భార్య ప్రమోదా ప్లాన్ చూడ్డానికి వచ్చారు. కొండల్ రావుగారి భార్య బాలమణి పకోడీలు పెట్టింది.

"ఇదేంటయ్యా, అసలు పండగే లేదు!" అన్నారు దక్షిణామూర్తిగారు.

"రూములు దొరకలేదు," అని అబద్ధమాడారు కొండల్ రావుగారు.

"పోనీలెండి," అంది ప్రమోద. "రాళ్ళనైతే అంత జాగ్రత్తగా ఎత్తిపెట్టారు. అక్కడుండే జనానికి నీళ్ళొస్తాయని ఎవరైనా సరిగ్గా చెప్పారో లేదో పాపం."

కింద పంపు గర్రుమంది. ఈసారి నలుగురికీ వినిపించింది.

"చెప్పలేదమ్మా," అన్నారు కొండల్ రావుగారు. "నేను చెప్పలేదు." ఆ తర్వాత ఆగలేదు. తప్పు రీడింగూ, దిద్దిన పుస్తకమూ, కోటయ్య చావూ, తిన్న అన్నమూ, అన్నీ కక్కేసి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. దక్షిణామూర్తిగారు భుజం మీద చెయ్యేసి, "చిన్నతనం కొండల్, వదిలెయ్," అన్నారు.

బాలమణి మాత్రం దగ్గరికి రాలేదు.

"కోటయ్యంటే మనిషా?" అంది. "పెళ్ళయిన మొదటి వారం నుంచీ నిద్రలో ఆ పేరే కదండీ అరుస్తున్నారు! 'లే కోటయ్యా, నీళ్ళొస్తున్నాయ్, లే' అని. అడిగితే ఏదో పీడకల అనేవారు. ఇన్నేళ్ళూ లేపి మంచినీళ్ళిచ్చి పడుకోబెట్టాను."

బాలమణి పకోడీల పళ్ళెం పక్కకి జరిపింది.

"అన్ని వేల సార్లు అన్నారు. మెలకువగా ఉన్నప్పుడు ఒక్కసారి అనుంటే సరిపోయేది కదండీ!"