ప్రైమరు మీద గోటి గీత

మొదటి గీత కనిపించినప్పుడు లిఫ్టు మెకానిక్ అది తన పొరపాటే అనుకున్నాడు. విమానం రెక్కలో పక్కటెముకలా కూర్చునే అల్యూమినియం పలక అది. లోపలివైపు, అడుగు మూలలో, చిన్న గీత. అక్కడ బూడిదరంగు ప్రైమరు పూత లేచిపోయి కింద లోహం తళుక్కుమంటోంది. దేనికో తగిలి ఉంటుందిలే అనుకుని పక్క పలక తిప్పి చూశాడు. అదే మూల, అదే గీత. దాని పక్కదానికీ అంతే. అప్పుడు అతనికి ఒళ్ళు మండింది. పొరపాట్లు ఇంత పద్ధతిగా జరగవు.

కొన్ని పలకల మీద గీత లోహందాకా దిగింది. కొన్నింటి మీద పైపైన సన్నటి చార మాత్రమే పడింది. దొంగకి మధ్యలో భయమేసి చెయ్యి తడబడి ఉంటుందనుకున్నాడు.

జీవితమంతా జనాన్ని తీగల మీద పైకీ కిందికీ తిప్పినవాడికి, తీగ లేకుండా ఒక్కసారి పైకి పోవాలన్న పిచ్చి పట్టింది. పట్టాక ఇక చెప్పేదేముంది? కారు వీధిలోకి పోయింది, కారు షెడ్డులోకి విమానం వచ్చింది. రెండు సీట్ల బుల్లి విమానం. రేకులు కోయడం, వంచడం, రివెట్లు కొట్టడం అన్నీ తనే. వాటన్నిటికన్నా ప్రైమరు పని అంటే అతనికి ప్రాణం. రెక్క ఒకసారి మూసి రివెట్లు కొట్టేస్తే లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనబడదు. ప్రైమరు సరిగ్గా పట్టకపోతే తుప్పు చప్పుడు చెయ్యకుండా లోహాన్ని తినేస్తుంది.

అందుకే పలకని గరుకుపీచుతో తోమి, సబ్బుతో కడిగి, మీద నీళ్ళు పోసి చూసేవాడు. నీళ్ళు దుప్పటి పరిచినట్టు జారిపోతే శుభ్రమైనట్టు. చుక్కలు చుక్కలుగా విడిపోతే ఎక్కడో జిడ్డుంది, మళ్ళీ తోమాల్సిందే. ఆ తర్వాత ఉత్త చేత్తో ముట్టుకోకూడదు. నీళ్ళతో కలిపే ప్రైమరుని పాలు వడగట్టినట్టు వడగట్టి, స్ప్రే గన్నులో పోసి, బరువు పెరక్కుండా పలచగా కొట్టాలి. టీ చల్లారేలోపు అంటుకోకుండా ఆరుతుంది గానీ నిజంగా గట్టిపడటానికి వారం పైనే పడుతుంది, ముసురు పడితే ఇంకా ఎక్కువ. నీళ్ళ ప్రైమరే ఎందుకంటే, ఘాటు వాసనవి తన వంటింటి దరిదాపులకి రాకూడదని భార్య ముందే తేల్చేసింది. కొట్టిన పలకల్ని బట్టల హ్యాంగర్లకి తగిలించి షెడ్డులో కట్టిన దండెం మీద ఆరేసేవాడు.

భార్య తేల్చేసిన మాట ఇంకొకటి ఉంది. "ఆ డబ్బాలో నేను కాలు పెట్టను," అంది మొదటిరోజే. రెండో సీటులో కూర్చునే మనిషి బరువు తెలిస్తేగాని విమానం తూకం లెక్క తేలదని అతను బతిమాలితే, "ఎక్కనిదాని బరువుతో మీకేం పని?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. గత్యంతరం లేక అందాజుగా ఒక బస్తాలో ఇసుక పోసి, మూతి కట్టి, రెండో సీటు అని సుద్దముక్కతో రాసి మూలన పెట్టాడు. దాన్ని చూసినప్పుడల్లా అతనికి మనసు చివుక్కుమనేది. రెండో సీటు పెట్టిందే ఆవిడ కోసం. ఆ మాట నోరు తెరిచి చెప్పడం మాత్రం చేతకాలేదు.

సరే, దొంగ ఎవరు? షెడ్డు తాళంచెవి ఇంట్లో ఒకటుంటే, రెండోది బావమరిది దగ్గర ఉంది. ఆయనగారిది ప్లాస్టిక్ కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం. ఆ షెడ్డు మీద కన్నేసి చాలాకాలమైంది. ఆదివారం టీ తాగడానికి వచ్చి, విమానం చుట్టూ తిరిగి, "ఇదెప్పుడెగురుతుంది బావా, నా కుర్చీలకెప్పుడు చోటిస్తావు?" అనేవాడు. ఇంతకాలం అది వేళాకోళం. ఇప్పుడది సాక్ష్యం. పోయిన నెల పలకల్ని చూసి వాడు ఈల వేయడం కూడా సాక్ష్యమే.

మెకానిక్ షెడ్డు తలుపుకి అడ్డంగా సన్నటి దారం కట్టాడు. సాయంత్రం వచ్చి చూస్తే దారం తెగి ఉంది. పగలు ఎవరొచ్చారని భార్యని అడిగితే, తమ్ముడు నిచ్చెన కోసం వచ్చి వెళ్ళాడని చెప్పింది. ఇంకేం కావాలి?

ఆదివారం బావమరిది కుర్చీలో కూర్చుని కప్పు అందుకోగానే మెకానిక్ అడిగేశాడు.

"నా పలకలు గీకుతున్నది నువ్వే కదూ?"

బావమరిది కప్పు కింద పెట్టాడు. కోప్పడలేదు. రెండు చేతులూ చాపి ముందు పెట్టాడు. చిన్నప్పటినుంచి కొరికి కొరికి, ఒక్క వేలికీ గోరన్నది మిగల్లేదు.

"నారింజ తొక్క తియ్యాలన్నా అక్కనే పిలుస్తాను బావా," అన్నాడు. టీ తాగకుండా లేచి వెళ్ళిపోయాడు.

మెకానిక్‌కి తల కొట్టేసినట్టయింది. కానీ అంతకన్నా పెద్ద విషయం అతని కంట్లో నలుసులా పడింది. తమ్ముడి మీద ఈగ వాలనివ్వని భార్య, గుమ్మంలో నిలబడి అంతా విని, పల్లెత్తు మాట అనలేదు. ఖాళీ కాని కప్పు తీసుకుని లోపలికి పోయింది. ఆ కప్పు పట్టుకున్న కుడిచేతి బొటనవేలికి పొడుగాటి గోరు. చొక్కాల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు తనిఖీ ఉద్యోగం ఆవిడది, దారాలు పీకి చూడటానికి ఆ గోరు పెంచుకుంటుంది.

అనుమానం బావమరిది మీద ఉన్నంతకాలం కోపంగా ఉండేది. ఇప్పుడు భయమేసింది. ఈ విమానం ఎగరకూడదని ఆవిడ కోరుకుంటోందా? ఇన్నేళ్ళు కలిసి బతికినా, ఎదురుగా వద్దని చెప్పలేక, లోపల్లోపల తుప్పు పెడుతోందా?

మర్నాడు పని మధ్యలోనే వచ్చేసి, విమానం వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎండ కిటికీలోంచి దిగుతుండగా తలుపు తెరుచుకుంది. భార్య వచ్చి ఎడంచేతికి తొడుగు వేసుకుంది. ఒక పలక హ్యాంగరు నుంచి తీసి, అడుగు మూలన బొటనగోటితో గట్టిగా గీసింది. వెలుతురుకి పెట్టి చూసింది. తిరిగి తగిలించింది. ఇంకోటి గీసి, మొహం చిట్లించి, దాన్ని గోడవైపుకి తిప్పి పెట్టింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు అతను లేచి.

ఆవిడ ఉలిక్కిపడలేదు. "కనబడటం లేదా? చూస్తున్నాను."

"గీకుతున్నావు."

"గీకకుండా ఎలా తెలుస్తుంది? చొక్కా ముందువైపు చూసి ఎవరన్నా పాస్ చేస్తారా? గుండీ పట్టుకుని లాగాలి, లోపలి కుట్టు చూడాలి. పైకి అన్నీ బాగానే ఉంటాయి." గోడవైపు తిప్పిన పలక తీసి అతని చేతికిచ్చింది. "మీరే గీకండి."

గీకాడు. ప్రైమరు పాల మీద మీగడలా ముడుచుకుని లేచింది. ఇంకోటి ఇచ్చింది. దాని మీద గోరు జారిపోయింది, సన్నటి చార పడిందంతే.

మీగడలా లేచినవన్నీ ముసురు పట్టిన వారం కొట్టినవి. ఆ వారం నీళ్ళు చుక్కలుగా విడిపోవడం అతను కళ్ళారా చూశాడు. చూసి, పొద్దుపోతోందని, పరవాలేదులే అనుకున్నాడు. ఆ సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆవిడ గోటికి తెలిసింది.

"ముందే చెప్పచ్చుగా?" అన్నాడు నీళ్ళు నములుతూ.

"చెబితే నేను గీకే మూల ఒక్కటీ జాగ్రత్తగా కొడతారు. ఇన్నేళ్ళనుంచి చూస్తున్నాను మిమ్మల్ని."

తమ్ముణ్ణి నిందిస్తుంటే ఎందుకు ఊరుకుందో కూడా చెప్పింది. సగం పలకలు ఇంకా చూడాల్సి ఉన్నాయి, ఈలోపు గుట్టు బయటపడకూడదు. అయినా వాడికి ఆ సాయంత్రమే ఫోన్ చేసి అంతా చెప్పిందట. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడట. కానీ బావ ఫోన్ చేసి తప్పయిందని అనేదాకా అలిగినట్టే ఉంటానన్నాడట.

మెకానిక్ గోడవైపు తిరిగిన పలకల్ని ఒక్కొక్కటే దించి తొట్టి దగ్గర పెట్టాడు. అన్నీ గీకేసి మళ్ళీ మొదటినుంచి తోమాలి. సిగ్గుగా ఉంది, అయినా ఎందుకో గుండె తేలికపడింది. మొదటి పలక గీకి, కుళాయి తిప్పి, తోమి, మీద నీళ్ళు పోశాడు. దుప్పటిలా జారాయి. ఆవిడ వంగి, నమ్మకం కుదరనట్టు చూసి, ఇంకోసారి పొయ్యమంది. పోశాడు.

"అయినా, ఎక్కనన్నదానివి," అన్నాడు తలెత్తకుండా. "నీకెందుకు ఇదంతా?"

ఆవిడ తొడుగు విప్పి దండేనికి తగిలించింది. మూలనున్న ఇసుకబస్తా దగ్గరికి వెళ్ళి, దాని మీద అక్షరాలు చదివి, కాలి బొటనవేలితో ఒకసారి తన్నింది.

"దీంట్లో ఎంత పోశారు?"

"యాభై ఎనిమిది కిలోలు."

ఆవిడ వంగి బస్తా మూతి విప్పింది.

"ఇంకో ఆరు పొయ్యండి," అంది.