నడిరోడ్డు మీద క్యాబేజీ పీపాలు

మేయర్ ప్లమెన్ బోజిలోవ్ ఒంటికాలి మీద లేచాడు. "తారు వేయిస్తానంటే వద్దనే ఇంజనీరును నిన్నే చూస్తున్నానమ్మా! ఊళ్ళో ఎవరన్నా వింటే నవ్విపోతారు!"

"తారు నున్నగా పరిస్తే బళ్ళు ఇంకా దూకుడుగా పోతాయి మేయర్ గారూ," అంది ఇస్క్రా. "ఆ డబ్బుతో రోడ్డు ఇరుకు చేసి, నడిమధ్య ఓ రాతి గట్టు కట్టించండి. మనిషి సగం దాటి, అక్కడ నిలబడి, ఊపిరి పీల్చుకుని మిగతా సగం దాటుతాడు."

డబ్బు ఉన్నది ఒక్క పనికే. ఏ పనికన్నది సోమవారం పురపాలక సభలో తేలాలి. ఎన్నికలు దగ్గరపడ్డాయి కాబట్టి మేయర్‌కు నల్లగా నిగనిగలాడే రోడ్డు కావాలి. ఆ పిల్ల మొండితనం ఆయనకు తెలుసు. అందుకే వదిలించుకునే మాట ఒకటి విసిరాడు.

"సరే, ముందు చేసి చూపించు. ఆదివారం దాకా గడువు. సిమెంటు దిమ్మలు మాత్రం అడక్కు, లేవు."

ఇస్క్రా ఎగిరి గంతేసినంత పని చేసింది. దిమ్మలు లేకపోతే పోనీ! ఆమె మొండితనం వెనక వాళ్ళమ్మ ఉంది. ఆమె పేరు త్సోంకా. త్సోంకా అక్క వేలా ఇల్లు సరిగ్గా రోడ్డుకు అవతల. ఈస్టరు ముందు ఒకరోజు, దాటుతున్న త్సోంకా భుజాన ఉన్న సంచీని కారు అద్దమొకటి లాక్కుపోయింది. అంతే, ఆ తర్వాత ఆమె గేటు దాటలేదు. చెయ్యి పట్టుకుని దాటిస్తానంటే, "నాతోపాటు నువ్వూ పోతావా?" అని కూతుర్నే కసిరేది. వేలాకేమో మోకాళ్ళు అరిగి గుమ్మం దాకానే నడక. రాజధాని సోఫియా నుంచి డాన్యూబ్ నది వైపు పోయే లారీల మధ్యలోంచి అక్కాచెల్లెళ్ళు చేతులూపుకోవడమే మిగిలింది. రోజూ సాయంత్రం రొట్టె, చారు తీసుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్ళొచ్చేది ఇస్క్రానే.

నవంబరు నెల. ఏ ఇంట చూసినా చలికాలానికి క్యాబేజీ ఊరేసే నీలం ప్లాస్టిక్ పీపాలే. ఇస్క్రా ఖాళీ పీపాలు అడిగి తెచ్చి రోడ్డు మధ్య వరసగా పేర్చింది. మొదటి లారీ విసురుకే అవి దొర్లుకుంటూ పోయి డ్రైనేజీలో పడ్డాయి. చూసినవాళ్ళు పడీపడీ నవ్వారు.

"నిండు పీపాలు పెట్టు, మొద్దూ!" గేటులోంచి కేకేసింది త్సోంకా. "ముందు నాది తీసుకెళ్ళు!"

"మరి చలికాలం ఏం తింటావే అమ్మా?"

"నీ బుర్ర తింటాను! తీసుకెళ్ళవే!"

త్సోంకా ఇచ్చాక ఇక వీధిలో ఎవరు ఊరుకుంటారు? పక్కింటి డోచ్కా రెండు ఇచ్చింది. ఆమె మీద పంతంతో ఎదురింటివాళ్ళు మూడిచ్చారు. చీకటి పడేలోపు నీలం పీపాల గట్టు నిలబడింది. పోలీసులు మెరిసే పట్టీలు చుట్టి, వేగం చూపే యంత్రం కూడా పెట్టారు.

మర్నాడు పొద్దున్నే అసలు తమాషా మొదలైంది. ఊరేసిన క్యాబేజీని అలా వదిలేస్తే చెడిపోతుంది. రోజూ పీపా అడుగునున్న కుళాయి తిప్పి పులిసిన నీళ్ళు పట్టి, మళ్ళీ పైనుంచి పోయాలి. ఆడవాళ్ళంతా చెంబులు పట్టుకుని నడిరోడ్డు మీదికి వచ్చేశారు. ఒకటే కబుర్లు! లారీ డ్రైవర్లు బళ్ళాపి, రాత్రి తాగింది దిగడానికి ఓ గ్లాసు పులిసిన నీళ్ళిమ్మని బతిమాలుకోవడం! బళ్ళు నత్తల్లా కదిలాయి. ఇస్క్రాకు పట్టరాని సంతోషం.

శనివారం మేయర్ వచ్చి పెదవి విరిచాడు. "ఇదంతా ఆడవాళ్ళ మహిమ, నీ గట్టుది కాదు. రేపు ఒక్కరూ బయట కనపడకూడదు. అప్పుడు చూద్దాం నీ గొప్ప."

ఆ మాట ఇస్క్రాను రాత్రంతా వదల్లేదు. అందులో నిజముంటే?

ఆదివారం వీధి ఖాళీ. కిటికీలన్నిట్లో మాత్రం ముఖాలే. ఇస్క్రా, మేయర్ యంత్రం పక్కన నిలబడ్డారు. ఒక కారు వచ్చి పీపాల దగ్గర నెమ్మదించింది. ఇంకొకటీ అంతే. ఇస్క్రా పిడికిలి బిగించింది. అంతలో కొండ మలుపు దిగుతూ ఇసుక లారీ వస్తోంది.

సరిగ్గా అప్పుడే గేటు కిర్రుమంది. త్సోంకా! పండగ కోటు వేసుకుని, తలకు రుమాలు కట్టుకుని రోడ్డు మీదికి దిగింది.

ఇస్క్రా అరవబోయి ఆగింది. అరిస్తే బెదిరి ఆగిపోతుందేమో. అరవకపోతే? అమ్మ అడుగులో అడుగు వేసుకుంటూ పీపాల మధ్యకు చేరి, ఒక పీపా మూత మీద చెయ్యి ఆనించి నిలబడింది. లారీ బుసకొట్టింది. వేగం తగ్గింది, ఇంకా తగ్గింది. లారీ ఆమె ముందునుంచి మెల్లగా దాటిపోయింది. త్సోంకా అటూ ఇటూ చూసి, మిగతా సగం దాటేసింది.

కిటికీల్లో ఒకటే కేకలు, చప్పట్లు!

"ఎంత వేగం?" అన్నాడు మేయర్.

"చూడలేదు," అంది ఇస్క్రా.

"నేనూ చూడలేదు." ఆయన టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "రేపు సభలో నువ్వేం చెప్పక్కర్లేదు. నేను చెప్తా. రాయి ఏ రకందో ఖాయం చేసుకో."

ఇస్క్రా సంతోషం పట్టలేక పెద్దమ్మ ఇంటికి పరుగెత్తింది. గుమ్మంలో అక్కాచెల్లెళ్ళు ఎదురెదురుగా ఉన్నారు. త్సోంకా రెండు చేతుల్తో అక్క ముఖాన్ని పట్టుకుని, చెంపలు తడుముతూ, కళ్ళలోకి చూస్తోంది.

"ఇంత చిక్కిపోయావేంటే అక్కా?" అంటోంది. "అక్కణ్ణించి చూస్తే బాగానే కనిపించేదానివి."

ఇస్క్రా గడపలోనే ఆగిపోయింది. రోజూ సాయంత్రం రొట్టె అందిస్తూ తను చూసింది ఈ ముఖాన్నే, చిక్కిందని ఒక్కనాడూ గమనించలేదు.