ఊతలు తీసిన రోజు

మా కొండ మీది పాత కోటలో కిటికీలంటే బాణం దూరేంత సందులే. దొర ఇటలీ చూసొచ్చాక ఆ చీకటి తనకు పనికిరాదన్నాడు. లోపలి ముంగిలి చుట్టూ కమానుల వసారాలు లేవాలన్నాడు. ఆ పనికి ఇటలీ నుంచి వచ్చిన మేస్త్రీ బల్దస్సారెను నేను పెళ్లాడాను. మన మొరావియాలో మొగవాళ్లే కరువయ్యారా అని ఊరంతా బుగ్గలు నొక్కుకుంది.

మా నాన్న మతౌష్ వడ్రంగి. రాళ్లు కుదురుకునేదాకా కమానులను మోసే చెక్క ఊతలు కట్టిందీ ఆయనే, కమానులను ఎగతాళి చేసిందీ ఆయనే.

"అవి స్తంభాలటే? రెల్లుపుల్లలు! నాలుగు మంచుగడ్డలు పడితే పుటుక్కుమంటాయి."

ఊతలు తీసేటప్పుడు కమాను కట్టిన మేస్త్రీ దాని కింద నిలబడాలి. అది మేస్త్రీల ఆనవాయితీ. తీరా ఆ రోజు బల్దస్సారె జ్వరంతో మంచం దిగలేకపోయాడు. దివాణం గుమాస్తా హవెల్ జనం ముందు ఇకిలించాడు.

"జ్వరమా, భయమా? నిలబడే దిక్కు లేకపోతే దొరగారు ఇదంతా కూలగొట్టించి, పాతకాలం లావుగోడే పెట్టిస్తారు."

నాకు ఒళ్లు మండింది. వెళ్లి కమాను కింద నిలబడ్డాను.

"ఇవతలికి రావే దొరొతా! పిచ్చా నీకు?" నాన్న ఎత్తిన సుత్తి దించేశాడు.

"ఆయన కట్టినదాని మీద నాకు నమ్మకముంది. కొట్టు నాన్నా."

"నీ నెత్తి మీదికి, నా చేత్తోనా?"

"పరాయివాడి చేత కొట్టిస్తావా మరి?"

నాన్న ఊత కింద బిగించిన చెక్క చీలలు ఒక్కొక్కటే కొట్టి ఊడదీశాడు. చివరిది ఊడగానే ఊత జానెడు దిగింది, పైన రాయి పెళ్లుమంది. నా జుట్టు నిండా సున్నం రాలింది. హవెల్ టోపీ వదిలేసి పరుగు లంకించుకున్నాడు, వెనకాలే జనం. నేనూ పరుగెత్తబోయాను, అబద్ధమెందుకు! కానీ ఊత వదిలాక కొత్త కమాను బరువు సర్దుకుని కూర్చుంటుందని, అప్పుడు అరుస్తుందని బల్దస్సారె ఎన్నిసార్లో చెప్పాడు. కూర్చోనిచ్చాను.

కూర్చుంది. ఆ తర్వాత ఇసుకరేణువంతైనా కదల్లేదు. నాకు గొంతు చించుకుని అరవాలన్నంత సంతోషమేసింది.

నాన్న పారిపోలేదు. సుత్తి పారేసి నా పక్కన నిలబడ్డాడు. స్తంభాన్ని అరచేత్తో తట్టి చూశాడు. కళ్లనీళ్లయినా తుడుచుకోకుండా, కోట వాకిట్లో నక్కిన వాళ్ల మీద విరుచుకుపడ్డాడు.

"ఏం చూస్తార్రా గుడ్లప్పగించి? పోయి మా అల్లుడికి చెప్పండి, పై అంతస్తు ఊతలకి కొయ్య కోస్తున్నానని! స్తంభాలు ఇంకా సన్నంగా నిలబెట్టమనండి!"