ఆకుమందే కదా!

షుగర్ ఇంకా రాలేదు, గుమ్మంలో నిలబడిందంతే అన్నాడు డాక్టరు. తిండి తగ్గించి రోజూ నడవమన్నాడు. క్రేన్ ఆపరేటరుకి అంత ఓపికేదీ? సోమవారం కంపెనీ మెడికల్ టెస్టు. అందులో తేడా వస్తే పైన కేబిన్ పోయి, కింద గేటు దగ్గర కుర్చీ మిగులుతుంది. పద్దెనిమిదేళ్లు ఆకాశంలో కూర్చున్నవాడికి అంతకన్నా తలవంపులేముంటాయి!

సరిగ్గా అప్పుడే తగిలాడు బావమరిది. అదే సైటులో కింద నిలబడి వాకీటాకీలో సిగ్నల్ ఇస్తాడు, ఖాళీగా ఉంటే ఆకుపొడి క్యాప్సూళ్లు అమ్ముతాడు. "మందు కాదు బావా, ఆకులే. పూటకొకటి వేసుకో, షుగర్ తోక ముడుస్తుంది."

బావగారు పూటకి రెండు మింగాడు. పైగా తిండి మానేశాడు. కడుపు మాడ్చుకుంటే గండం గట్టెక్కుతుందని ఏ మహానుభావుడు చెప్పాడో! ఇంట్లో తెలిస్తే గోలని, అక్కకి చెప్పనని బావమరిది చేత ఒట్టు వేయించుకున్నాడు.

శుక్రవారం పదకొండింటికి ఇనుప కడ్డీల కట్ట గాల్లో వేలాడుతుండగా ఒళ్లంతా చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. కింద ఒక్కో మనిషీ ఇద్దరుగా కనబడ్డాడు. చచ్చేంత భయం వేసింది. వాకీటాకీలో మాట సూపర్‌వైజరుతో సహా సైటంతా వింటుంది. నోరు విప్పితే కేబిన్ పోయినట్టే. విప్పకపోతే, కట్ట కింద మనుషులున్నారు.

"బావా, కొంచెం ఎడమకి... బావా, వినబడుతోందా?"

"హ్యాండిల్ వదిలేశానురా. కట్ట కదలదు. అందరినీ పక్కకి తప్పించు. కళ్లు తిరుగుతున్నాయి, ఇంక నావల్ల కాదు."

ఈల మోగింది. జనం తలో దిక్కుకి పరుగెత్తారు.

"కదలకు, ఇంకో ఆపరేటర్ని తీపి నీళ్లిచ్చి పంపుతున్నా" అంది సూపర్‌వైజరు గొంతు. "సోమవారం దాకా ఆగక్కర్లేదు. ఇవాళే దిగిపో."

పద్దెనిమిదేళ్లు ఒక్క మాటతో పోయాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పొద్దున ఎన్ని వేసుకున్నావు బావా?" అడిగాడు బావమరిది.

"రెండు."

"అయ్యో! అక్క నీ టీలో ఇంకో రెండు విప్పి కలుపుతోంది బావా. నీకు చెప్పొద్దని తనూ ఒట్టు వేయించుకుంది. ఆకులే కదా, ఏం కాదులే అనుకున్నా..."

ఒక్కడికే రెండు వైపులా అమ్మాడన్నమాట, మహానుభావుడు! తిట్టడానికి కూడా బావకి ఓపిక లేదు. కిటికీ అద్దానికి తల ఆనించి అడిగాడు:

"అసలు అందులో ఏముందిరా?"



"నాకూ తెలీదు బావా."