ఫ్లాస్కు కింద తెల్ల పలక

నేను ఒక తెల్ల పింగాణీ పలకను. గోడలకు అంటించే రకం. జానెడు పొడవు, జానెడు వెడల్పు, ఒక మూల కొంచెం విరిగింది. ఎక్కడో గుజరాతులో మట్టిని మెత్తగా నూరి, అచ్చులో నొక్కి, బట్టీలో కాల్చి నన్ను తయారుచేశారు. అట్టపెట్టెలో పెట్టి లారీ ఎక్కించినప్పుడు అందరితో పాటు నేనూ ఏదో స్నానాల గదికి పోతున్నాననే అనుకున్నాను. పాలమూరు వైపు ఒక డిగ్రీ కాలేజీలో ప్రిన్సిపాలు గారి స్నానాల గదికే వచ్చాను కూడా. మేస్త్రీ నా తోటివాటినన్నిటినీ గోడకు అంటించాక నేనొక్కదాన్ని మిగిలిపోయాను.

పారేయబోతుంటే కెమిస్ట్రీ లెక్చరర్ పురుషోత్తం సార్ చూశాడు. "అరె, ఇటియ్యి. ల్యాబుల పనికొస్తది" అన్నాడు. నా తోటివాళ్ళు ప్రిన్సిపాలు గారి సబ్బు నురుగు చూస్తూ ఉండిపోయారు. నేను సైన్సులో చేరాను. నాకెవరూ ఏ పరీక్షా పెట్టలేదు.

నా ఉద్యోగం తేలికైనది. పైన స్టాండుకు బ్యూరెట్ అనే గాజు గొట్టం ఉంటుంది. దాని కింద ఫ్లాస్కు, ఫ్లాస్కు కింద నేను. ఫ్లాస్కులో రంగు తెలిపే మందు కలిపిన ఆమ్లంలోకి బ్యూరెట్ నుంచి క్షారాన్ని ఒక్కొక్క చుక్కగా వదులుతారు. ఎంతసేపు వదిలినా నీళ్ళలాగే ఉండి, ఒకానొక చుక్కకు లేత గులాబీ రంగు తిరుగుతుంది. సరిగ్గా అక్కడ ఆపాలి. నల్ల సిమెంటు బల్ల మీద ఆ గులాబీ కనపడదు. నా తెలుపు మీద కనపడుతుంది. రంగును పట్టిచ్చేదాన్ని నేనే. ప్రయోగం లేనప్పుడు నా మీద నిమ్మకాయలు కోసేవారు. అదీ చేశాను.

నాకు ఎదురుగా అద్దాల బీరువా ఉండేది. అందులో ఒక అట్టపెట్టె, ఆ పెట్టెలో పీహెచ్ మీటరు అనే మిషను. దాని కడ్డీని ద్రవంలో ముంచితే అంకె చూపిస్తుందట, రంగుతో పనే లేదట. విప్పితే పగులుతుందని, పగిలితే పైవాళ్ళకు జవాబు చెప్పాలని ఎవరూ దాన్ని విప్పలేదు. ప్రతి దసరాకూ ఆయుధపూజ రోజున ఆ అట్టపెట్టెకే కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూలు వేసి, కొబ్బరికాయ కొట్టి, మళ్ళీ తాళం వేసేవారు. మనుషులకు ఒక వస్తువును వాడటం కంటే దానికి దండం పెట్టడం సులువు.

అలాంటి ల్యాబులోకి కురుమూర్తి వచ్చాడు. మగ్గం నేసే ఇంటి పిల్లవాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. వాళ్ళ ఊరి మీదుగా రోజూ పొద్దున మందుల కంపెనీ బస్సు పోయేదట. అందులో తెల్లకోట్ల వాళ్ళు కూర్చుని ఉండేవారట. వాళ్ళ నాన్న మగ్గం గుంతలోంచి లేచి వచ్చి ఆ బస్సును చూసి, "మా వోడు గూడ గా బస్సుల పోవాలె" అనేవాడట. ఆ ఊళ్ళో సైన్సంటే ఆ బస్సే. ఆకాశంలో చుక్కలను లెక్కగట్టే సైన్సు ఉందనీ, అంకెలతోనే నడిచే సైన్సులు ఉన్నాయనీ అతనికి చెప్పినవాళ్ళు లేరు.

మొదటి ప్రయోగం రోజున జోడీగా శివలీల అనే అమ్మాయి వచ్చింది. కురుమూర్తి చుక్కలు వదులుతూ పోయాడు. ఆమె గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"ఏమైంది నీకు? గులాబి అయ్యి ఎంత సేపాయె!"

"అయ్యిందా?" అన్నాడు అతను ఫ్లాస్కులోకి చూస్తూనే.

ఆమె అతని ముఖం చూసింది, తర్వాత నన్ను చూసింది. నీళ్ళున్న ఫ్లాస్కు ఒకటి తెచ్చి దాని పక్కన నా మీద పెట్టింది. "ఇట్ల గులాబిది ఏది?" అంది. అతను నీళ్ళ ఫ్లాస్కును చూపించాడు.

రంగుల తేడా తనకు తెలియదన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదని ఆ రోజు చెప్పాడు. రంగులద్దిన నూలు చుట్టలను, అంటే చిలపలను, దండెం మీద ఎప్పుడూ ఒకే వరుసలో వేస్తారు, ఎర్రవి గోడ వైపు, పచ్చవి వాకిలి వైపు. అతను చోటును బట్టి రంగు పేరు చెప్పేవాడు. తప్పు పోలేదు కాబట్టి ఎవరూ అడగలేదు. తనకు కనిపించేదే అందరికీ కనిపిస్తుందని అతనూ అప్పటిదాకా అనుకున్నాడు.

శివలీల నవ్వలేదు. లెక్కలు అతను చేసిపెట్టాలి, రంగు రాగానే ఆమె "చాలు" అనాలి. అదీ ఒప్పందం. రెండేళ్ళు ఆ "చాలు" అన్న మాట మీదే అతని కెమిస్ట్రీ నడిచింది.

ఒకరోజు శివలీల కాలేజీకి రాలేదు. కురుమూర్తి ఫ్లాస్కు మందార పువ్వులా ఎర్రబడిపోయింది. పురుషోత్తం సార్ వచ్చి నిలబడ్డాడు.

"ఇదేం రంగుర?"

"నీళ్ళ రంగు సార్."

క్లాసంతా గొల్లుమంది. సార్‌కు ఆ నవ్వు బాగా నచ్చింది. "నీళ్ళ రంగు! రేపు మందుల కంపెనీల కూసోని, జరం గోలీల ఏం కలిసినా నీళ్ళ రంగే అంటవా?" అన్నాడు.

అప్పటి నుంచి క్లాసు చివర అదొక ఆట అయింది. సార్ నా మీద ఏదో ఒక ఫ్లాస్కు పెట్టి, "రా బిడ్డా కురుమూర్తీ, వచ్చి చెప్పు" అని పిలిచేవాడు. ఎంతో ప్రేమగా పిలిచేవాడు. వెనక బెంచీ నుంచి "నీళ్ళరంగూ, సోచాయించి చెప్పు, తొందరేం లేదు!" అని అరిచేవారు. అతని పేరే నీళ్ళరంగు అయిపోయింది. అతనూ అందరితో పాటు నవ్వేవాడు. నవ్వకపోతే ఆట ఇంకా సాగుతుందని నేర్చుకున్నాడు.

ఒకసారి అందరూ వెళ్ళేదాకా ఆగి సార్‌ను అడిగాడు.

"సార్, బీరువల ఉన్న మిషనుతోని చేస్తే రంగు చూసే పని లేదు కద సార్. పుస్తకంల చదివిన."

"చదివినవా? పగిలితే మీ అయ్య మగ్గం అమ్మి తెస్తడా?"

"జాగ్రత్తగ చేస్త సార్. ఒక్కసారి..."

"రంగులు తెల్వనోనికి సైన్సెందుకుర? తప్పుకో, తాళమెయ్యాలె."

చివరి ఏడాది ఆ మందుల కంపెనీ వాళ్ళే కాలేజీకి వచ్చారు. ల్యాబులో ఉద్యోగం, ఒక్కటే పోస్టు. కంపెనీ మేడం ద్రవాలు తనే తెచ్చింది. కాబట్టి జవాబు ముందుగా లెక్కగట్టే దారి లేదు. ఒక్కొక్కరూ అందరి ముందూ నా మీదే ప్రయోగం చేసి చూపించాలి. కురుమూర్తి, శివలీల ముందురోజే అనుకున్నారు. "చాలు" అని పైకి అనరాదు కాబట్టి రంగు రాగానే ఆమె దగ్గాలి.

శివలీల తన వంతు చక్కగా ముగించి కిటికీ దగ్గర నిలబడింది. తర్వాత కురుమూర్తి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బ్యూరెట్ తిప్పి చుక్కలు వదిలాడు. గులాబీ మెరిసి, కదపగానే మాయమైంది. మళ్ళీ మెరిసింది. ఇంకో చుక్కకు నిలిచింది. పసిపిల్ల గోటి రంగు. నా మీద ఆ రంగు అంత చక్కగా ఎప్పుడూ కుదరలేదు.

దగ్గు వినపడలేదు.

కళ్ళు ఫ్లాస్కు మీదున్నా అతని చెవులు కిటికీ వైపే ఉన్నాయి. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంకో చుక్క వదిలాడు. ఇంకోటి. గులాబీ ముదిరింది, రాణి రంగు అయింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పురుషోత్తం సార్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మేడం ఆపమనలేదు, కలం మూత పెట్టేసి ఆసక్తిగా చూస్తూ కూర్చుంది. అతను చుక్క తర్వాత చుక్క వదులుతూ, మధ్యమధ్య చెయ్యి ఆపి వింటూ, బ్యూరెట్ ఖాళీ అయ్యేదాకా వదిలాడు.

"అయిపోయింది మేడం" అన్నాడు.

"ఏం రంగు వచ్చింది?"

పుస్తకంలో ఉన్న జవాబు అతనికి బాగా తెలుసు. "లేత గులాబి మేడం" అన్నాడు.

అప్పుడిక ఎవరూ నవ్వు ఆపుకోలేదు. మేడం కూడా.

నేను నల్లబండనై ఉంటే ఆ గదిలో కొందరికైనా అంత బాగా కనపడేది కాదు. కానీ నేను మంచి పలకను. నా పని నేను చేశాను.

మరుసటి ఏడాది కాలేజీకి తనిఖీ అన్నారు. బీరువా తెరిచి అట్టపెట్టె విప్పారు. మిషను పగల్లేదు, మొదటిసారికే చక్కగా పనిచేసింది. నన్ను చూసి పురుషోత్తం సార్, "ఈ బాత్రూం ముక్క ఉంటే పరువు పోతది" అన్నాడు. అటెండరు నన్ను కిటికీలోంచి వెనక చెత్తలోకి విసిరాడు. పగిలిన గాజు గొట్టాల మధ్య వెల్లకిలా పడ్డాను.

ఆ రోజే సర్టిఫికెట్ల కోసం శివలీల వచ్చింది. కురుమూర్తి కూడా వచ్చాడు. క్లర్కు భోజనానికి పోయాడని ఇద్దరూ ల్యాబు వెనక నీడలోకి వచ్చారు.

"ఎట్లున్నవ్?" అంది శివలీల.

"అయ్యతోని మగ్గం మీద. రంగులు అయ్య పెడతడు, నేను నేస్త." తర్వాత, "ఆ రోజు నీకు దగ్గు రాలేదా?" అన్నాడు.

"వచ్చింది. ఆపుకున్న."

అతను తల ఊపాడు.

"ఒక్కటే పోస్టుండె కురుమూర్తీ."

"తెలుసు." మళ్ళీ అతనే అడిగాడు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. "కంపెనీల రంగులు చూసుడు కష్టమా?"

"రంగులా?" శివలీల పైట కొంగు వేలికి చుట్టుకుంది. "ఆడ అన్నీ మిషన్లే. కడ్డీ ముంచుతం, అంకె రాసుకుంటం. చేరినకాడికెళ్ళి నేను రంగు చూసిందే లేదు."

కిటికీలోంచి, తనిఖీకి వచ్చినవాళ్ళతో మాట్లాడుతున్న పురుషోత్తం సార్ గొంతు వినపడింది. "మా పిల్లలకు మొదటికెళ్ళి దీని మీదనే నేర్పిస్తం సార్! రంగుతోని పనే లేదు!"

శివలీల ఆఫీసు వైపు వెళ్ళిపోయింది. కురుమూర్తి కిందికి చూసి నన్ను గుర్తుపట్టాడు. వంగి తీసి, చొక్కాతో దుమ్ము తుడిచి, ఎండకు పెట్టి చూశాడు. తెలుపు అతనికీ అందరికీ ఒకటే. చాలాసేపు చూశాడు. విసిరి పగలగొడతాడనుకున్నాను, ఇంటికి తీసుకుపోతాడనీ అనుకున్నాను. అతను నన్ను జాగ్రత్తగా, చప్పుడు కాకుండా, మట్టిలో బోర్లా పెట్టి వెళ్ళిపోయాడు.

అలాగే ఉన్నాను. నా ముఖం నేలలో ఉంది, పైకున్న వీపు మట్టి రంగు. ఇప్పుడు నా మీద ఏ రంగు పడినా ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు.