అరువు గొంతు

పొద్దున్నే ఆ ఇంట్లో మొదట వినిపించేది సుత్తి చప్పుడు. తల్లి ఫొటోలకి ఫ్రేములు కట్టేది. ముందు గదిలో బల్ల, బల్ల మీద చిన్న మేకులు, జిగురు డబ్బా, అద్దం కోసే కత్తి. తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఒక చెప్పు దొరికితే రెండోది దొరక్క ఇల్లంతా గాలించి, ఆఖరికి తలుపు వెనకే కనిపిస్తే దాన్ని తిట్టుకుంటూ బయల్దేరేవాడు. ఇద్దరి కాళ్ళకీ అడ్డం పడుతూ గిర్రున తిరిగే ఐదేళ్ళ పిల్ల బొంగరం. అసలు పేరొకటి ఉంది గానీ, పెట్టినవాళ్ళే దాన్ని వాడటం మానేశారు.

బొంగరం సొంతంగా ఏం మాట్లాడినా తన గొంతే వచ్చేది. అది కాస్త బొంగురుగా, జలుబు చేసినట్టుండేది. కంఠతా పట్టింది అప్పజెబితే మాత్రం నేర్పినవాళ్ళ గొంతు వచ్చేది. అంకెలన్నీ తండ్రి గొంతులో చెప్పేది. మేడ మీది తాతయ్య నేర్పిన పాట ఆయన దగ్గుతో సహా పాడేది. ఒకసారి ఆయన భార్య మెట్ల మీంచి తొంగిచూసి, "పాడింది చాలు, పైకొచ్చి మందు వేసుకోండి" అని కేకేసింది కూడా. అంతకుమించి దాని గురించి ఎవరూ బుర్ర పాడుచేసుకోలేదు. కొందరు పిల్లలది ఎడమచేతి వాటం, దీనిది ఇది.

గొడవంతా చదువు దగ్గర వచ్చింది. బడిలో వేస్తే ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంది. అప్పుడు ఎవరో టీచరమ్మ సంగతి చెప్పారు. పిల్లల్ని బడికి పంపని నాలుగైదు కుటుంబాలని ఆవిడ ఒకచోట చేర్చి, వారానికొకరి ఇంట్లో పాఠాలు నడిపేది. ఆవిడ పద్ధతి ఒక్కటే: ముందు నోటికి రావాలి, అర్థం దాని వెనకాలే వస్తుంది. ఎక్కాలు, నదుల పేర్లు, గ్రహాల వరస, ఆఖరికి మర్యాదగా మాట్లాడే మాటలు కూడా నోటికే. మనిషి మంచిది. ఒక్క పిల్లని ఒక్క దెబ్బ కొట్టి ఎరగదు.

"నెల రోజులు పంపి చూడండమ్మా," అంది ఆవిడ. "నచ్చితే ఏడాదంతా ఉంచాలి. ఒక్క పిల్లకే చోటుంది, ఇంకో ఇద్దరు అడుగుతున్నారు. నెలాఖరుకి ఏ సంగతో చెప్పేయండి."

తండ్రినడిగితే అప్పటికప్పుడే ఒప్పేసుకునేవాడు. "నాకు చిన్నప్పుడు ఇలా నోటికి పట్టించేవాళ్ళుంటే, ఈపాటికి లిఫ్టు కింద దూరేవాణ్ణా? దర్జాగా లిఫ్టెక్కేవాణ్ణి," అన్నాడు.

మొదట్లో అంతా వేడుకే. బొంగరం ఎక్కాలు గడగడా చెబుతుంటే చుట్టాలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. టీచరమ్మ స్పష్టమైన గొంతు, ఒక్క అక్షరం జారకుండా, అంత చిన్న నోట్లోంచి వస్తుంటే తండ్రి ఛాతీ రెండింతలయ్యేది. తల్లి కూడా మురిసిపోయింది. లేదంటే అబద్ధం.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె ఫ్రేముకి మేకు కొడుతుంటే వెనకనించి, "నాకు దాహంగా ఉంది. దయచేసి మంచినీళ్ళు ఇవ్వండి," అని వినిపించింది. టీచరమ్మ వచ్చిందనుకుని కంగారుగా చీర సర్దుకుని లేచింది. చూస్తే పిల్ల. చేతులు కట్టుకుని నిలబడింది.

"నీళ్ళు కావాలని అడగొచ్చుగా, బంగారం!"

"మీ సహాయానికి ధన్యవాదాలు," అంది బొంగరం, అదే గొంతుతో.

రోజులు గడిచేకొద్దీ ఆ బొంగురు గొంతు తగ్గిపోతూ వచ్చింది. అన్నం దగ్గర, స్నానం దగ్గర, పక్క మీద, అన్నిటికీ తయారుగా ఉన్న మాటలే. తిరగడం కూడా తగ్గింది. తండ్రి పని నించి రాగానే, "మీరు క్షేమంగా వచ్చినందుకు సంతోషం," అని గుమ్మంలో ఎదురొచ్చేది.

"భలే మర్యాద వచ్చిందే!" అన్నాడు ఆయన నవ్వబోయి. కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆ సాయంత్రం భార్య ఊరుకోలేదు. "అది మన ఇంట్లో పెరుగుతోందా, అద్దెకుంటోందా? నా మెడ పట్టుకుని వేలాడి ఎన్నాళ్ళయిందో చూశారా?"

"ఎదిగే పిల్ల ఎప్పుడూ మెడకే వేలాడుతుందా?"

"ఐదేళ్ళకే ఎదిగిపోయిందా?"

"మరి బడికి పంపి మళ్ళీ జ్వరం తెప్పిస్తావా? చేతికందిన చోటు వదులుకుంటే రేపు దాని బతుకేం కాను? రేపటితో నెల అయిపోతుంది. సరేనని చెప్పెయ్."

పిల్లకి చదువు రావాలని ఆమెకి మాత్రం లేదా? అన్నం ముందు కూర్చుని, మెతుకులు కెలికి లేచిపోయింది.

మర్నాడు పాఠాలు వాళ్ళింట్లోనే. నడి గదిలో పిల్లలు గుండ్రంగా కూర్చుని ఎక్కాలు అందుకున్నారు. గోల మిన్నంటింది. ముందు గదిలో తల్లి ఒక పెళ్ళి ఫొటోకి ఫ్రేము బిగిస్తోంది. టీచరమ్మ వచ్చి అడిగితే ఏం చెప్పాలో ఇంకా తేలలేదు. సరేనందాం అనుకుంటే సుత్తి వేలి మీద పడింది. వద్దందాం అనుకున్నా వేలి మీదే పడింది.

ఇంటి వెనక అద్దాల గది ఉంది. మనిషంత పెద్ద అద్దాలు గోడవారగా నిలువునా పెట్టి, ముందుకు ఒరక్కుండా గుడ్డ పట్టీతో కట్టేసి ఉంచేది. ఆ వైపు నించి టీచరమ్మ గొంతు వినిపించింది.

"నేను ఆపదలో ఉన్నాను. దయచేసి ఎవరైనా రండి."

ఇవాళ్టి పాఠం ఇదన్నమాట, ఎవర్నో విడిగా తీసుకెళ్ళి చెప్పిస్తున్నట్టుంది, అనుకుంది తల్లి. మంచిదే, పిల్లలకి తెలియాల్సిందే. ఇంకో మేకు తీసుకుంది.

"నేను ఆపదలో ఉన్నాను. దయచేసి ఎవరైనా రండి."

నడి గదిలో పిల్లలు కూడా విన్నారు. టీచర్ పక్క గదిలోనే ఉన్నారని మరింత బుద్ధిగా, మరింత గట్టిగా ఎక్కాలు చదివారు. ఆ గొంతు మళ్ళీ మళ్ళీ అదే మాట చెప్పింది. ఒక్క అక్షరం జారలేదు. ఎన్నిసార్లు చెప్పిస్తుందమ్మా ఈవిడ, అని తల్లి విసుక్కుంది కూడా.

అప్పుడు వంటింట్లోంచి టీచరమ్మ రెండు చేతుల్లో రెండు టీ కప్పులతో వచ్చింది. "మీ వంటింట్లో చొరవ చేశానమ్మా, ఏమీ అనుకోకండి. మీరూ పొద్దుట్నించి ఊపిరి తీసుకోలేదు. ఇంతకీ ఏమనుకున్నారు, ఉంచుతున్నట్టేగా?"

తల్లి తలెత్తి ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడ పెదాలు మూసే ఉన్నాయి.

"దయచేసి ఎవరైనా రండి," అంది వెనక గదిలోంచి ఆవిడ గొంతు.

కప్పులు ఎక్కడ పడ్డాయో ఎవరూ చూడలేదు. ఇద్దరూ పరిగెత్తారు. పట్టీ ఊడిపోయి అద్దాల వరసంతా ముందుకు ఒరిగింది. ఎక్కాల మధ్యలోంచి ఎప్పుడు లేచొచ్చిందో, ఆ అద్దాలకీ ఎదురుగా ఉన్న పాత బల్లకీ మధ్య బొంగరం, వీపు బల్లకి ఆనించి, రెండు అరచేతులతో ఆ బరువంతా ఆపుకుంటూ నిలబడి ఉంది. మొహం నల్లబడింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. నోరు మాత్రం తడబడకుండా అప్పజెబుతోంది.

"కదలకు తల్లీ!" తల్లి భుజం అడ్డం పెట్టి అద్దాల్ని గోడవైపు నెట్టింది. "లాగండి టీచర్ గారూ, లాగండి!"

టీచరమ్మ పిల్లని చంకల కింద పట్టుకుని బయటికి లాగింది. చివరి అద్దం తల్లి చేతిలోంచి జారి భళ్ళున పగిలింది. నడి గదిలో ఎక్కాలు ఆగిపోయాయి.

పిల్ల అరచెయ్యి తెగింది, అంతే. దేవుడి దయ.

"మీ సహాయానికి ధన్యవాదాలు," అంది బొంగరం.

టీచరమ్మ నేల మీద అలాగే కూలబడిపోయింది. తన గొంతు అలా పిలుస్తుంటే, పిల్ల పాఠం వల్లిస్తోందనుకుని తాను తాపీగా టీలో చక్కెర కలుపుతూ ఉంది. పిల్ల చెయ్యి తన కొంగుకి అదిమి పట్టుకుని అడిగింది. "భయమేసిందా, అమ్మలూ?"

అది ఆవిడ ఎప్పుడూ ఎవరికీ నేర్పని ప్రశ్న. బొంగరం నోరు తెరిచింది, మూసింది. ఆ పైన వచ్చిన ఏడుపు బొంగురుగా, జలుబు చేసినట్టు, ఇల్లు అదిరిపోయేలా వచ్చింది.

"ఎందుకు రాలేదమ్మా! అన్నిసార్లు పిలిచాను! నా చేతులు నొప్పెట్టాయి!"

"నువ్వని తెలీలేదు నాన్నా," తల్లి కూడా ఏడ్చేసింది. "తెలిస్తే రానా?"

"నేనే! నేనే పిలిచా!"

తల్లి పిల్లని ఎత్తుకుని మెడకి హత్తుకుంది. "టీచర్ గారూ, మా పిల్లని పంపను. ఆ చోటు అడిగినవాళ్ళకి ఇచ్చేయండి."

"పంపకండి," అంది టీచరమ్మ తల ఎత్తకుండా.

సాయంత్రం తండ్రి కొత్త సంచీ కొని తెచ్చాడు, పాఠాలకని. గుమ్మంలో ఎవరూ ఎదురురాలేదు. లోపల్నించి బొంగురు గొంతు రంకెలేస్తోంది. పిల్ల తల్లి ఒళ్ళో కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ, ఎందుకు రాలేదో చెప్పమని ఆమెని నిలదీస్తోంది. ఆయన సంగతంతా విన్నాడు. సంచీ తలుపు పక్కన పెట్టి వచ్చి వాళ్ళ పక్కనే కూర్చున్నాడు.

"మరి చదువు?" అన్నాడు మెల్లిగా.

"చూద్దాం లెండి. ముందు దాన్ని తిట్టనివ్వండి," అంది ఆమె.

"నువ్వు కూడా రాలేదు!" అని బొంగరం తండ్రి మీదికి తిరిగింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కటీ వదలకుండా అన్ని తిట్లూ తిన్నాడు.