మేకపిల్లకు తలంటు

అతిథులకు కాదని చెప్పడమంటే వత్సలకు భయం. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో, చెరకుతోట పక్కన గుడారాలు వేసి పట్నవాసులకు పల్లె బ్రతుకు చూపించి బ్రతికే మనిషి ఆమె. అందుకే, ఆవుదూడలను పూజించే వసుబారస్ నాడు చేయరాని పని ఒకటి చేసింది. ముంబయి నుంచి వచ్చిన నిమ్కర్ గారి కూతురు ఈరా, మట్టి ప్రమిదలు చేస్తూ చేస్తూ లేచి వచ్చి, ఆ ఉదయమే పుట్టిన మేకపిల్లకు కూడా పండుగ స్నానం చేయించమని అడిగింది. వట్టివేరు, కచ్చూరాలు కలిపిన సున్నిపిండితో వత్సల దానికి తలంటు పోసింది. ఫోటోలు ముచ్చటగా వచ్చాయి.

ఆ తరువాత తల్లిమేక పిల్లను దరిచేరనివ్వలేదు. వాసన చూచి, కొమ్ములతో నెట్టివేసింది. కట్టివేసి పట్టుకుంటే పొదుగు నేలకానించి పడుకుంది. సీసాతో పోసిన పాలు పిల్ల పెదవుల పక్కనుంచి కారిపోయాయి. పొద్దు వాలేసరికి అది అరవడం కూడా మానివేసింది.

"వాళ్ళమ్మకి కోపమొచ్చిందా పిన్నీ?" అని అడిగింది ఈరా.

వత్సల బదులు చెప్పేలోగా అత్తగారు గంగూబాయి అందుకుంది. "పెళ్ళికూతుర్ని చేశావుగా, ఇక అత్తారింటికి పంపు! ఈనినప్పుడు పడ్డ మావి ఎక్కడ పాతావే?"

"చెరకు గట్టున, అత్తా. ఇక్కడైతే కుక్కలు లాగుతాయని."

"దాని తడి పులిమితేగాని తల్లి గుర్తుపట్టదు. వెళ్ళు. నోరు మాత్రం మూయకు."

మొన్ననే ఆ గట్టు మీద చిరుత ఒక కుక్కను ఎత్తుకుపోయింది. మనిషి గొంతు ఆగకుండా వినిపిస్తే అది తొలగిపోతుందని ఊరివారి నమ్మకం. వత్సల గునపం పట్టుకుని మసక వెలుతురులో బయలుదేరింది. వెనుకనుంచి అత్తగారు కేక వేసింది.

"ఏం కూర వండావే?"

"గోరుచిక్కుడు! మెత్తగా! మీకు పళ్ళు లేవుగా!"

"ఏంటీ? వినబళ్ళా!"

"పళ్ళు లేవన్నానత్తా!"

గట్టు చేరి తవ్వుతుండగా, గాలి లేకుండానే చెరకు ఆకు కదిలింది. వత్సల తవ్వడం ఆపి గునపం ఎత్తి పట్టుకుంది.

"వత్సలా! పలకవే! వత్సలా!"

"నా పెళ్ళికి... నా పెళ్ళికి మీరు పెట్టింది చిరుగుల చీర!" అని ప్రాణమంతా కూడదీసుకుని అరిచింది.

ఆకు నిశ్చలమైంది. చేతికందిన తడిమట్టినీ మావినీ గోనెలో వేసుకుని, పరుగెత్తకుండా, గట్టిగా తిట్టుకుంటూనే వెనుకకు నడిచింది.

వట్టి వేడినీళ్ళతో పిల్లను కడిగి, ఆ మురికి పులిమారు. అతిథులు ముక్కులు మూసుకున్నారు. తల్లిమేక వాసన చూచి తల తిప్పుకుంది. మళ్ళీ మూచూచింది. గొంతులో సన్నగా గుర్రుమని, పిల్ల వీపు నాకింది. పిల్ల పొదుగు వైపు తడుముకుంటూ పోయింది. మేక తన్నబోతున్నట్టు కాలెత్తింది. ఆ కాలు నెమ్మదిగా పక్కకు జరిగింది.

"ఒక్కసారి ముట్టుకోనా పిన్నీ?"

"వద్దు," అన్నది వత్సల. "ఇవాళ ఎవ్వరూ ముట్టుకోవద్దు."

నిమ్కర్ గారి ముఖం చిన్నబోయింది. వత్సల కొట్టం వాకిట్లో అడ్డంగా కూర్చుంది.